నా సూదికి దొరకని పుంజు

పశువుల ఆసుపత్రిలో కాంపౌండరు ఉద్యోగమంటే మా బంధువుల్లో చాలామందికి లోకువ. పెళ్ళిళ్ళలో పక్కపక్కన భోజనానికి కూర్చున్నప్పుడు "మనుషులకి కాదటగా, గేదెలకటగా" అని నవ్వేవాళ్ళు. నవ్వనీ. ఆ నవ్విన వాళ్ళ ఇంట్లోనే గేదె ఈనలేక అవస్థ పడితే మా తలుపు దబదబా బాదేవాళ్ళు. ముప్పయ్యేళ్ళ పైచిలుకు చేశాను ఆ ఉద్యోగం. ఒక కోడెదూడ తన్ని విరగ్గొట్టిన పక్కటెముక ఇప్పటికీ చలికాలంలో పలకరిస్తూ ఉంటుంది. రిటైరైన రోజున నాకు శాలువా కప్పి, "ఈయన చెయ్యి చలవ చెయ్యి" అని మైకులో పొగిడారు. నేను తల దించుకున్నాను. వినయం అనుకున్నారందరూ. వినయం నా మొహానికి ఎప్పుడుంది గనక! ఆ మాట వినగానే నాకొక పుంజు గుర్తొచ్చి తల దించుకున్నాను.

ఈ పనిలోకి కొత్తగా వచ్చిన పిల్లలు అప్పుడప్పుడు ఫోన్ చేసి "మీ సర్వీసులో పెద్ద కేసు ఏది మాస్టారూ?" అని అడుగుతుంటారు. ఏ సర్కసు ఏనుగు సంగతో చెప్తానని వాళ్ళ ఆశ. నా పెద్ద కేసు ఒక పెరట్లోది. పదకొండు పెట్టలు, ఒక పుంజు, ఆరు బాతులు. ఇన్నాళ్ళూ ఆ పిల్లలెవరికీ చెప్పలేదు. చెప్పాల్సిన రోజున చెప్పనందుకే అది పెద్ద కేసయింది.

తొంభైల మధ్యలో నన్ను గాజువాక పక్కకి వేశారు. ఆసుపత్రి అంటే రెండు గదులు, ఒక వేపచెట్టు, పశువుల్ని నిలబెట్టే ఒక బోను. మనుషులు ముగ్గురం. డాక్టరుగారు నాకంటే చిన్నవాడు, పుస్తకంలో ఎలా ఉంటే అలా జరగాలంటాడు. అటెండరు సముద్రం మీద వేటకెళ్ళే ఇంటివాడు, నన్ను "బావా" అనేవాడు. వాడికి ఒక దురలవాటు. టీకామందులు దాచే ఫ్రిజ్‌లో చేపలు పెట్టేవాడు. డాక్టరుగారు తలుపు తీస్తే కవ్వ చేపల వాసన గుప్పుమనేది. "ఇదేంటయ్యా?" అని ఆయన అరిస్తే, "మందు సల్లగా ఉంటే సేపలూ సల్లగా ఉంటాయి కద సార్" అనేవాడు. ఆ తలుపు మీదే డాక్టరుగారు పెద్ద అక్షరాలతో రెండు మాటలు రాసి అంటించాడు. కలిపిన మందు రెండు గంటలు దాటితే పారబొయ్యాలి. జబ్బు కోడి కనపడిన వీధిలో సూది తియ్యకూడదు. రోజూ చూసేవాణ్ణి. రోజూ చూసేది కంటికి ఆనదు, అదీ నా గొడవ.

మా ఆసుపత్రి కిందకొచ్చే వాటిలో ఒక కాలనీ ఉండేది. స్టీలుప్లాంటుకి ఊళ్ళిచ్చిన రైతులకి కట్టిచ్చిన కాలనీ అది. వరుసగా ఒకే రకం ఇళ్ళు, వెనకాల కాస్త పెరడు, పెరడు దాటితే గెడ్డ, అంటే చిన్న వాగు. సైరను కూస్తే మగవాళ్ళందరూ సైకిళ్ళెక్కేవాళ్ళు. ఇక ఆ వీధుల్లో ఆడవాళ్ళూ కోళ్ళూ మిగిలేవాళ్ళు. అందులో ఒక వీధి చివరింట్లో ఉండేది పెద్దమ్మ. నాకేమీ చుట్టం కాదు, నేనలా పిలిచేవాణ్ణి. అరవై దాటిన మనిషి. భర్త లేడు. కొడుకు ప్లాంటులో కాంట్రాక్టు పనికి వెళ్ళేవాడు. కోడలు ఇంటి పని చూసుకునేది, పెరడు మాత్రం పెద్దమ్మది.

మొదట్లో అందర్నీ పిలిచినట్టే నన్నూ "కాంపౌండరు బాబుగోరూ, మీరు" అనేది. ఒకరోజు ఆవిడ పెట్టకి గుడ్డు అడ్డం పడింది. రెక్కలు వేలాడేసుకుని, కళ్ళు మూసుకుని, పొట్ట నేలకానించి కూర్చుంది. నేను గోరువెచ్చటి నీళ్ళలో దాన్ని కాసేపు కూర్చోబెట్టి, వేలికి కొబ్బరినూనె రాసుకుని, తిట్టుకుంటూ బతిమాలుకుంటూ పావుగంటకి ఆ గుడ్డు బయటికి తెచ్చాను. పెంకు పగల్లేదు. పెట్ట లేచి ఒళ్ళు దులుపుకుని, నేనెవరో ఎరగనట్టు నడిచిపోయింది. పెద్దమ్మ ఆ గుడ్డు చీరకొంగుతో తుడిచి నా చేతిలో పెట్టింది. "ఇది నీదే నాయినా" అంది. ఇక ఆ రోజునుంచి నేను బాబుగారిని కాను. ఎప్పుడెళ్ళినా గుమ్మంలోంచే "ఏటి నాయినా, తిన్నావా?" అని కేక. నాకు పదేళ్ళప్పుడే అమ్మ పోయింది. ఆ కేక కోసం పని లేకపోయినా అటువైపు సైకిలు తిప్పేవాణ్ణని ఇప్పుడు ఒప్పుకోడానికి నాకేమీ సిగ్గు లేదు.

ఆవిడ పొదగెయ్యడం చూసి తీరాలి. నేను చదివిన కోర్సులో అంత శ్రద్ధ ఎవరూ నేర్పలేదు. వెదురుబుట్టలో ఊక పోసి, దానిమీద పాత చీరముక్క పరిచేది. ఒక్కో గుడ్డునీ చెవి దగ్గర పెట్టి ఊపి చూసేది, పొద్దుటి ఎండకి ఎదురుగా పట్టి చూసేది. నచ్చిన వాటికి బొగ్గుతో ఒక గీత గీసేది, తరవాత వేరే పెట్ట వచ్చి పెట్టిన గుడ్డు కలిసిపోకుండా. ఎప్పుడూ బేసి సంఖ్యే. ఉరుముకి గుడ్లు మురిగిపోతాయని బుట్టలో ఇనపముక్క ఉంచేవారు పాతవాళ్ళు. ఈవిడ అరచేతంత తుప్పు బోల్టు ఒకటి పెట్టేది.

"ఉరుము సంగతి దేవుడెరుగు పెద్దమ్మా, ఆ బోల్టు దొర్లితే గుడ్లు పగుల్తాయి."

"నీ సూదులు నాకు సెప్పు, నా బుట్ట నీకు సెప్తాను" అనేది.

బాతులకి పొదిగే ఓపిక ఉండదు. గుడ్డు ఎక్కడ పడితే అక్కడ వదిలేసి గెడ్డలోకి పోతాయి. అందుకని బాతుగుడ్లు కూడా కోడి కిందే పెట్టేది. ఇరవయ్యొక్క రోజులకి లేవాల్సిన కోడి ఇంకో వారం కదలకుండా కూర్చునేది పాపం. తీరా పిల్లలు వచ్చాక అవి టపటపా నీళ్ళలోకి దిగిపోతే, ఆ తల్లి గట్టు మీద గగ్గోలు పెట్టేది. పెద్దమ్మ గట్టు మీద కూర్చుని దాన్ని ఓదార్చేది, "ఓలమ్మా, అయ్యి సచ్చిపోవులే, ఊరుకో" అని. మా అటెండరు వేట నుంచి మిగిలిన చేప తలకాయలు బాతులకి తెచ్చేవాడు. అలా అయినా ఫ్రిజ్ కాస్త ఖాళీ అయ్యేది.

కోడిగుడ్లు ఇరుగుపొరుగుకి, బాతుగుడ్లు ఇంటికి. బాతుగుడ్డు నీచు వాసనని మా ఆవిడ గుమ్మం దాటనిచ్చేది కాదు. అదే బాతుగుడ్డు ఉడికించి, నాలుగు గాట్లు పెట్టి, పెద్దమ్మ చింతపండు పులుసులో వేస్తే, పచ్చసొన ఎర్రగా, చేతికి నూనె అంటేలా ఉండేది. వేడన్నంలో ఆ పులుసు తిన్న రోజున సాయంత్రం దాకా నాకింకేమీ అక్కర్లేదు.

ఆ కోళ్ళు మామూలు కోళ్ళు కావు ఆవిడకి. ఊరు ఖాళీ చేసేటప్పుడు అందరూ మంచాలూ బిందెలూ ట్రాక్టరెక్కించారట. ఈవిడ మాత్రం గంప నెత్తిన పెట్టుకుని నడిచొచ్చింది. "గంపలో రెండు పెట్టలు, ఒక డేగ పుంజు. ఇప్పుడున్నయ్యన్నీ ఆటి పిల్లల పిల్లలే. ఊరు లేదు. ఊరి కోళ్ళున్నాయి నాయినా" అనేది. డేగ అంటే ఎర్ర ఈకల పుంజు. అప్పుడు పెరట్లో తిరిగే డేగ, ఆ గంపలో వచ్చినదానికి మునిమనవడో ఏదో. మెడ చాచి కూసిందంటే మూడు వీధులకి వినపడేది.

ఆ పుంజు మీద ఒక మొక్కుంది. కొడుక్కి పచ్చకామెర్లు వచ్చి మంచాన పడితే, తగ్గితే ఈ డేగని నీకిచ్చుకుంటానని అమ్మవారికి మొక్కుకుంది. తగ్గింది. కానీ పుంజుని ఇవ్వడానికి ఆవిడకి చెయ్యి రాలేదు. "దీని పోలిక పిల్ల ఒకటి దిగనీ, వచ్చే పండక్కి ఇత్తాను" అంటూ రెండు పండగలు దాటేసింది.

అదీ పరిస్థితి. ఇక నా ఘనకార్యం వినండి.

ఎండలు ముదిరేముందు ఏటా కోళ్ళకి కొక్కెర తెగులు టీకా వెయ్యాలి. ఆ తెగులొస్తే కోడి నోరు తెరిచి ఎగపోస్తుంది, మెడ వంకర తిరుగుతుంది, పచ్చగా తెల్లగా పారుకుంటుంది, ఇంక చూసుకోనక్కర్లేదు. టీకా మందు సీసా ఒకటి కలిపితే వంద కోళ్ళకి. ఐసు ఫ్లాస్కులో పెట్టుకుని, రెండు గంటల్లో అవగొట్టాలి. పొద్దున్నే, గూళ్ళు తియ్యకముందే వెళ్ళాలి. ముందురోజే కాలనీలో చెప్పాం. ఆడవాళ్ళు మా కోసం కోళ్ళని వదలకుండా ఉంచారు. అటెండరూ నేనూ వెళ్ళేసరికి వీధి వీధంతా గూళ్ళలో కోళ్ళ అరుపులే. డాక్టరుగారు జిల్లా ఆఫీసులో పనుండి మాతో రాలేదు.

వీధి మూలింటి దగ్గర మొదలుపెట్టాను. మందు కలిపాను. ఇంటావిడ పెట్టల్ని ఒక్కొక్కటే పట్టిస్తోంది, నేను రెక్క కింద పొడుస్తున్నాను. నాలుగోది చేతికి తేలిగ్గా తగిలింది. చూశాను. దాని కింద ఈకలు పచ్చగా తడిసున్నాయి. నోరు తెరిచి గాలి లాగుతోంది. నేను ఆవిడ మొహం చూశాను. ఆవిడ ఎటో చూసి, "ఎండకి బాబూ, రేత్రి నుంచి అలగే ఉంది" అంది.

ఎండకి కాదని నాకు తెలుసు. ఆవిడకీ తెలుసు. అప్పుడు నేను చెయ్యాల్సింది ఒక్కటే. సీసా పారబోసి, "వదిలెయ్యండమ్మా కోళ్ళని, ఇవాళ వెయ్యను" అని వీధంతా చెప్పి, సైకిలెక్కడం. కానీ సీసా కలిపేశాను. వీధి వీధంతా నాకోసం కాచుక్కూచుంది. నేనంటే ఆ వీధికి పెద్ద గురి. పిలిచి, నిలబెట్టి, తీరా పొమ్మంటే ఏమనుకుంటారు? కనీసం సూదైనా మార్చాలి. ఉడకబెట్టిన సూదులు ఇంకో రెండు డబ్బాలో ఉన్నాయి. డబ్బా సైకిలు సంచిలో ఉంది. సైకిలు వీధి అవతల ఉంది. ఆ పదడుగులు నడవలేదు నేను. అదే సూదితో ఆ కోడినీ పొడిచాను, దాని తరవాత దాన్నీ పొడిచాను, పక్కింటికెళ్ళాను. అటెండరు ఇదేదీ గమనించలేదు, వాడు గేటు దగ్గర ఎవరితోనో వలల గురించి మాట్లాడుతున్నాడు.

అయిదో ఇల్లు పెద్దమ్మది. పదకొండు పెట్టలకీ వేశాను. పుంజు మాత్రం చేతికి చిక్కలేదు. గూడు తలుపు సందులోంచి దూరి, నా భుజం మీదనుంచి ఎగిరి, మునగచెట్టెక్కి, అక్కణ్ణుంచి గెడ్డ అవతలికి పోయింది. అటెండరు పంచె ఎగ్గట్టి వెంటబడితే బురదలో కూలబడ్డాడు. పెద్దమ్మ కడుపు పట్టుకుని నవ్వింది.

"అది అమ్మోరి సొత్తు నాయినా. నీ సూదికి దొరకదు."

మేమందరం నవ్వాం. నాకు మూడు గుడ్లిచ్చి పంపింది.

నాలుగో రోజు పొద్దున్నే అటెండరు పరుగున వచ్చాడు. "బావా, సివరింటి పెద్దమ్మ కోళ్ళు రాలిపోతన్నాయి." నేను వెళ్ళేసరికి మూడు పోయాయి. సాయంత్రానికి ఏడు. మర్నాటికి పెట్ట అన్నది మిగల్లేదు. పొదుగు మీద కూర్చున్న పెట్ట బుట్టలోనే, గుడ్ల మీదే మెడ వాల్చేసింది. వీధిలో నేను సూది వేసిన అయిదిళ్ళదీ అదే కథ. బాతులకి మాత్రం ఏమీ కాలేదు, వాటినా తెగులు అంతగా పట్టదు. అవి గెడ్డలో మామూలుగా ఈదుతున్నాయి. మునగచెట్టు కింద డేగ పుంజు ఒక్కటీ తిరుగుతోంది, పెట్టల్ని పిలుస్తూ.

డాక్టరుగారు వచ్చి ఒక కోడిని కోసి చూశాడు. నన్ను పక్కకి పిలిచాడు.

"ఆ రోజున జబ్బు కోడి ఏదైనా కనపడిందా?"

"లేదు సార్."

రెండే మాటలు. ఆయన నమ్మాడు. టీకా పనిచేసేలోపే తెగులు వచ్చి ఉంటుందని రిపోర్టు రాసుకున్నాడు.

ఆడవాళ్ళు బోరింగు దగ్గర చేరారు. కోళ్ళు పోయిన బాధ మామూలు బాధ కాదు, ఒకావిడ ఏడుస్తోంది కూడా. ఇంకొకావిడ నడుం మీద చెయ్యేసుకుని నిలదీసింది. "మందేసిన ఇళ్ళయ్యే పోనాయి. మందెయ్యని ఈదిలో ఒక్క కోడీ పోలేదు. ఆ డేగకి సూది పడలేదు, అది బాగానే ఉంది. ఇదేటి కాంపౌండరు బాబూ?"

చదువు లేని ఆ మనిషి నిమిషంలో అసలు సంగతి పట్టేసింది. అందరి కళ్ళూ నా మీద పడ్డాయి. మూలింటావిడ గుంపులో వెనక్కి జరిగింది. ఆవిడ నన్ను చూసింది, నేను ఆవిడని చూశాను.

అప్పుడు పెద్దమ్మ ముందుకొచ్చింది.

"సూదిననకండర్రా. ఆ నాయిన సెయ్యి మంచిది. తప్పు నాది. డేగని అమ్మోరికిత్తానని రెండేళ్ళు ఎగేసినాను. ఆ తల్లి అన్నీ పట్టికెళ్ళిపోయి, తన పుంజుని మాత్రం ఉంచీసింది. కనబడతన్నాది కదేటి?"

ఏడ్చే ఆవిడ ఏడుపు ఆపి పెద్దమ్మ వైపు తిరిగింది. "అయితే నీ వల్లనేనేటే ముసిల్దానా మా కోళ్ళు పోనాయి?" అంది. ఇంక ఒకరి తరవాత ఒకరు. పెద్దమ్మ ఒక్కదానికీ ఎదురు చెప్పలేదు, చేతులు కట్టుకుని నిలబడింది.

నాకు ఆ క్షణంలో ఏమనిపించిందో దాచకుండా చెప్తాను. హమ్మయ్య అనిపించింది. ఆ మనిషిని అంతమంది తిడుతుంటే, నన్ను వదిలేశారు కదా అని ఊపిరి పీల్చుకున్నాను.

ఆ ఆదివారమే మొక్కు తీర్చింది. నన్ను రమ్మని కబురు. వెళ్ళాను. అరుగు మీద కూర్చున్నాను. ఆవిడ పెరట్లో కత్తి నూరుతోంది. పుంజుకి పసుపు నీళ్ళు పోసి, బొట్టు పెట్టి, కాళ్ళకి తాడు కట్టి ఉంచారు. అది తల పక్కకి వంచి నన్నే చూస్తోంది. గంప నెత్తిన పెట్టుకుని తెచ్చిన జాతిలో మిగిలింది అదొక్కటే. 'ఆగు పెద్దమ్మా, ఇందులో అమ్మవారి కోపం లేదు, నా సూది పాపముంది' అంటే చాలు. అది బతికేది. దాన్ని వేరే పెట్టలతో జతకట్టించినా సగం జాతి నిలబడేది. ఎన్నిసార్లు ఆ మాట నోటిదాకా వచ్చిందో! మింగేశాను. ఉద్యోగం, ఎంక్వైరీ, డాక్టరుగారికి చెప్పిన అబద్ధం, అన్నీ అడ్డం పడ్డాయి. మధ్యాహ్నం నాకు విస్తరేసి, కాలు ముక్క నా విస్తట్లోనే వేసింది. "తిను నాయినా, ఇంక నా బాకీ తీరిపోయింది" అంది. తిన్నాను.

తరవాత ఆ పెరడు చూడలేకపోయేవాణ్ణి. గూడు ఖాళీ. బాతులు గుడ్లు పెడుతూనే ఉన్నాయి, కింద పెట్టడానికి కోడి లేదు. అంతకుముందు వీధిలో ఎవరి పెట్ట పొదుగుకొచ్చినా ఒకరికొకరు ఇచ్చుకునేవాళ్ళు. ఇప్పుడు ఆవిడకి ఎవరూ ఇవ్వలేదు. "ఆవిడ సేతి గుడ్లు మా కోడి కింద ఎడితే మాకూ సుట్టుకుంటాది" అన్నారు. పండగ రోజున అమ్మవారి ఘటాలు ఎత్తుకునే వరసలో ముందు నిలబడే మనిషి, వెనక్కెళ్ళి నిలబడటం మొదలుపెట్టింది. వెనక నిలబడమని ఎవరూ చెప్పలేదు, తనే వెళ్ళింది.

నేను ఆనందపురం సంతకి వెళ్ళి రెండు నాటు పెట్టల్ని, ఒక పుంజుని కొనుక్కొచ్చాను. సైకిలు హేండిలుకి తలకిందులుగా వేలాడదీసి తెస్తే, కాళ్ళ తాడు విప్పుతూ ఆవిడ మురిసిపోయింది. "మా ఊరియ్యి కావు. అయినా నువ్వు తెచ్చినావు కదా" అంది. మళ్ళీ బుట్ట, ఊక, బొగ్గు గీత, బోల్టు. మళ్ళీ బాతుపిల్లలు. వెళ్ళినప్పుడల్లా నాకు నాలుగు గుడ్లు. ఏటా పండక్కి మాత్రం ఒక పుంజుని కోసేది, పాత తప్పుకి. నేను ఆ గుడ్లు తెచ్చుకుని, బాతుగుడ్లయితే ఆసుపత్రిలోనే స్టౌ మీద ఉడకబెట్టుకుని తినేవాణ్ణి. ఆరేళ్ళు తిన్నాను. ఏ ముద్దా నెమ్మదిగా దిగలేదు, అలాగని ఏ వారమూ మానలేదు. మనిషి ఆశ ఎలాంటిదో చూడండి.

తరవాత నాకు ఏజెన్సీ వైపు ట్రాన్స్‌ఫరయింది. ఆర్డరు జేబులో పెట్టుకుని ఆఖరిసారి వెళ్ళాను. చెప్పకుండా పోకూడదని దారిపొడుగునా నాకు నేనే చెప్పుకున్నాను. ఆవిడ పెరట్లో కూర్చుని, ఆ పూట గుడ్లు కొంగుతో తుడిచి బుట్టలో పెడుతోంది. చెప్పేశాను. ఆగకుండా, ఆవిడ మొహం చూడకుండా, మొత్తం.

ఆవిడ చేతిలో ఒక బాతుగుడ్డు ఉంది. తుడవడం ఆగింది.

"మూలింటి కోడికి ముందే తెగులుందా?"

"ఉంది పెద్దమ్మా."

"నువ్వు సూసినావా?"

"చూశాను."

"డేగకి నీ సూది పడలేదు. అందుకే బతికినాది."

"ఔను."

తరవాత అడిగింది. గొంతులో కోపం కూడా లేదు. "నాను కత్తి నూరతన్నప్పుడు నువ్వు అరుగు మీదే కూకున్నావు కద నాయినా."

ఏడుపొచ్చింది నాకు. ఏడ్చాను. ఆవిడ ఓదార్చలేదు. కాసేపటికి గెడ్డ వైపు చూస్తూ, "బోరింగు కాడ సెప్తావా? ఆడోళ్ళందరూ ఉంటారిప్పుడు. ఒక్కసారి సెప్పీ. తప్పు ముసిల్దానిది కాదని" అంది.

అంతే అడిగింది. అన్నేళ్ళలో ఆవిడ నన్ను అడిగింది అదొక్కటే. బోరింగు నూరడుగుల దూరంలో ఉంది, బిందెల చప్పుడు వినబడుతూనే ఉంది. నేను జేబు మీద చెయ్యేసుకున్నాను. ఆర్డరు కాగితం గరగరలాడింది. డాక్టరుగారు రాసిన రిపోర్టు, సర్వీసు, పెన్షను, మా అమ్మాయి పెళ్ళి, అన్నీ వరసగా కళ్ళముందు నిలబడ్డాయి. నేను లేవలేదు.

ఆవిడ నా జేబు వైపు చూసింది. చేతిలో గుడ్డుని నాకివ్వలేదు, బుట్టలో పెట్టేసింది. బుట్ట పట్టుకుని లేచింది.

"ఒద్దులెండి బాబుగోరూ. మీది ఉజ్జోగం. ఎళ్ళిరండి."

మీరు. బాబుగోరు. ఎళ్ళిరండి. తిట్టి, చెంప మీద కొట్టినా అంత తగిలేది కాదు.

శాలువా కప్పించుకున్న వారానికి గాజువాకలో బస్సు దిగి, షేర్ ఆటో ఎక్కి ఆ కాలనీకి వెళ్ళాను. ఇంక పోవడానికి ఉద్యోగం లేదు కదా, ధైర్యం ఎక్కణ్ణుంచో వచ్చేసింది. పెంకుటిళ్ళ చోట మేడలు లేచాయి. గెడ్డ మీద సిమెంటు పలకలు కప్పేశారు. ఎక్కడా కోడి కూత లేదు. మునగచెట్టు మాత్రం ఉంది. కోడలు గుర్తుపట్టింది. పెద్దమ్మ పోయి రెండేళ్ళయిందని చెప్పింది.

కుళాయి దగ్గర నలుగురు ఆడవాళ్ళు ప్లాస్టిక్ బిందెలతో నిలబడి ఉన్నారు. వాళ్ళని పిలిచాను. కోడలి ఎదుట, వాళ్ళందరి ఎదుట, నిలబడి మొత్తం చెప్పాను. మూలింటి కోడి, సూది, అబద్ధం, పుంజు. ఇద్దరికి ఆ కోళ్ళ సంగతే తెలియదు, ఆ తరవాత కాపురానికొచ్చినవాళ్ళు. ఒకావిడ "అయ్యో, ఎప్పటి మాటో కద బాబూ, పోన్లెండి" అని బిందె ఎత్తుకుంది. ఇన్నేళ్ళు నేను భయపడ్డది ఇంతే.

కోడలు మాత్రం కదల్లేదు. "ఈ సంగతి మాకెవలికీ తెల్దండి" అంది.

"పెద్దమ్మకి చెప్పానమ్మా. ట్రాన్స్‌ఫరై వెళ్ళేముందు చెప్పాను."

"అత్తకి తెల్సా? మరి మాకు ఒక్క మాట సెప్పలేదు. ఆకరి పండగ దాకా పుంజుని కోసిందండి. అమ్మోరి కాడ నిలబడి, తప్పు నాదే తల్లీ అని పైకే సెప్పేది. అందరూ ఇనేటట్టు."

ఆవిడ ఒక్కసారి నోరు విప్పి ఉంటే నేనెక్కడున్నా నా ఉద్యోగం ఊడేది. విప్పలేదు. నన్ను నాయినా అనడం మానేసింది గానీ, నన్ను కాయడం మానలేదు. అందుకే చెప్తున్నాను పిల్లలూ, ఇందులో నీతి వెతక్కండి. సూది మార్చండి, అంతే. ఆ పదడుగులు నడవండి.

"కూకోండి బాబుగారూ, టీ ఎడతాను" అని కోడలు లోపలికెళ్ళింది. పాత అరుగు మీదే కూర్చున్నాను. గోడకి ఒక మూల ఆ వెదురుబుట్ట బోర్లించి ఉంది. టీ వచ్చింది. గుమ్మంలోంచి ఎవరైనా "ఏటి నాయినా, తిన్నావా?" అంటారేమోనని, అది చల్లారిపోయేదాకా అలాగే కూర్చున్నాను.